ఆర్సెనల్ మేనేజర్ ఆర్టెటా ఉండాలి (ఇన్) అనేవాళ్ళూ పోవాలి (అవుట్) అనేవాళ్ళూ, ఏ కొలత పెట్టి అంటున్నారో చెప్పండి

కార్నర్_జెండా
ఏప్రిల్‌లో చాంపియన్స్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్‌ని రెండు లెగ్‌లూ కలిపి 5-1తో ఇంటికి పంపిన రాత్రి ఇక్కడ ఏం రాశారో గుర్తుందా? స్టేడియం బయట ఆర్టెటా విగ్రహానికి జాగా కూడా చూసిపెట్టారు. మూడు వారాల తర్వాత సెమీస్‌లో పారిస్ జట్టు పీఎస్‌జీ చేతిలో 3-1తో పోయాం. అవే పేర్లు, అదే జనం, "ఇతని వల్ల కాదు, పంపించెయ్యండి" అని మొదలుపెట్టారు. ఆపైన ప్రీమియర్ లీగ్‌లో వరసగా మూడోసారి రెండో స్థానం ఖాయమయ్యేసరికి కొంతమంది మళ్ళీ ఇటు దూకారు. ఇప్పుడు 2025 జూన్. ఆటలే లేవు. అభిప్రాయాలు మాత్రం మారుతూనే ఉన్నాయి.

నేనడిగేది ఒక్కటే. దేన్ని బట్టి అంటున్నారు? పాయింట్లా, కప్పులా, ఆట తీరా, లేక మ్యాచ్ అయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నదా?

ఆఫ్‌సైడ్_అప్పారావు
నాలుగోదేనండి. ఇందులో చర్చేముంది.

నలభైతొమ్మిది_నాటౌట్
కప్పులు. ఇంకేం కాదు. 2020 ఆగస్టులో చెల్సీ మీద 2-1, ఓబమెయాంగ్ రెండు గోల్స్, ఎఫ్ఏ కప్పు. అప్పటికి ఆర్టెటా వచ్చి ఎనిమిది నెలలు కూడా నిండలేదు. ఆ తర్వాత ఏదీ? కమ్యూనిటీ షీల్డుని లెక్కలోకి తెచ్చేవాళ్ళతో నేను వాదించను. రైస్‌కి 100 మిలియన్ పౌండ్లు, పైన యాడ్-ఆన్‌లు. హావెర్ట్జ్‌కి 65. అడిగినవాళ్ళనల్లా కొనిచ్చారు. లెక్క అడిగితే తప్పేంటి?

లాంగ్‌త్రో
అడిగినోళ్ళనల్ల ఎక్కడ కొనిచ్చిండ్రన్నా? స్ట్రైకర్ ఏడి? జనవరిల జీసస్ మోకాలు పాయె, ఫిబ్రవరిల హావెర్ట్జ్ హామ్‌స్ట్రింగ్ పాయె. మిడ్‌ఫీల్డర్ మెరీనోను తీస్కపోయి ముందల నిలవెట్టిండు. లెస్టర్ మీద మెరీనో రెండు కొడితె "మాస్టర్ ప్లాన్" అని మనమే రాసినం. వారం తిరగంగనే సొంత గ్రౌండ్ల వెస్ట్ హామ్ చేతిల 1-0 ఓడితె "స్ట్రైకర్ లేకుండ ఎవడన్న ఆడిస్తడా" అని గూడ మనమే రాసినం. ఆడిచ్చినాయన ఆయనే, ఆడినాయన ఆయనే.

నలభైతొమ్మిది_నాటౌట్
జనవరిలో కొనకపోవడం ఎవరి తప్పు మరి?

లాంగ్‌త్రో
ఆటగాళ్ళను కొనే స్పోర్టింగ్ డైరెక్టర్ ఎడూ నవంబర్లనే పాయె. ఆయన జాగల బెర్టా మార్చి ఆఖరికి వచ్చిండు. విండో రెండిటి నడుమ ఉన్నది. అన్నిటికీ ఆర్టెటానే పట్టుకుంటె ఎట్ల?

హైబరీ_బాబాయ్
మీ అందరికంటే ముందునుంచి చూస్తున్నాను కాబట్టి కొంచెం పాత సంగతి చెప్పనివ్వండి. వెంగర్ 1996లో వచ్చినప్పుడు లండన్ పేపరు ఒకటి "ఆర్సెన్ ఎవరు?" అన్న అర్థం వచ్చేలా హెడ్డింగ్ పెట్టింది. అప్పటికి ఆయన జపాన్‌లో కోచ్. రెండేళ్ళు తిరక్కుండా 1998లో లీగూ ఎఫ్ఏ కప్పూ రెండూ తెచ్చాడు. 2002లో మళ్ళీ రెండూ. 2003-04లో 26 గెలుపులు, 12 డ్రాలు, ఓటమి లేదు. ఆ రోజుల్లో ఆయన్ని ఎవరైనా ఒక్క మాటంటే కొట్లాటకి వెళ్ళేవాళ్ళం.

తర్వాత కొత్త స్టేడియం, 390 మిలియన్ పౌండ్ల ఖర్చు, అప్పులు. వేసవి రాగానే ఎవరో ఒక మంచి ఆటగాణ్ణి అమ్మడం. 2005 నుంచి 2014 దాకా కప్పు లేదు. అయినా ప్రతి ఏడాదీ నాలుగో స్థానంలోపే ఉంచాడు. దాన్నీ వెక్కిరించాం, "నాలుగో స్థానం ట్రోఫీ" అని. 2011లో ఓల్డ్ ట్రఫర్డ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 8-2. 2014 మార్చిలో ఆయన వెయ్యో మ్యాచ్, చెల్సీ 6-0తో కొట్టింది. అదే సీజన్ మే నెలలో ఎఫ్ఏ కప్పు ఎత్తాడు, మళ్ళీ దేవుడయ్యాడు.

2017 మార్చిలో వెస్ట్ బ్రామ్ మ్యాచ్ మీకు గుర్తుండే ఉంటుంది. స్టేడియం పైన ఒక విమానం వెళ్ళింది, కాంట్రాక్టు ఇవ్వొద్దని బ్యానర్. కాసేపటికి ఇంకో విమానం, ఆర్సెన్ మీద మాకు నమ్మకం ఉందని బ్యానర్. రెండిటికీ డబ్బు పెట్టింది మనవాళ్ళే. కింద మనం 3-1తో ఓడిపోతున్నాం. అందుకని నాకు ఇవాళ్టి గొడవ చూస్తే ఏమీ కొత్తగా లేదు.

సాకా_తమ్ముడు
విమానాలకి పెట్టిన డబ్బుతో ఒక లెఫ్ట్ బ్యాక్ వచ్చేవాడు బాబాయ్ 😂

హైబరీ_బాబాయ్
లెఫ్ట్ బ్యాక్ బూటు లేసు కూడా రాదు నాయనా.

నార్త్‌బ్యాంక్_మూల
బాబాయ్ గారు వెంగర్ సంగతి ఎత్తారు కాబట్టి. 2018 మార్చి 1న మాంచెస్టర్ సిటీ మ్యాచ్‌కి నేను మన ఎమిరేట్స్ స్టేడియంలోనే ఉన్నాను. మంచు పడుతోంది. నాలుగు రోజుల ముందే లీగ్ కప్ ఫైనల్లో ఇదే సిటీ 3-0తో కొట్టింది. వరసలకి వరసలు ఖాళీ. అరగంట దాటగానే మళ్ళీ 3-0. నా పక్క సీటాయన పెద్దగా తిట్టను కూడా తిట్టలేదు, చేతి తొడుగులు తీసి జేబులో పెట్టుకుని, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ తీసి, హాఫ్ టైమ్‌కి వెళ్ళిపోయాడు. తిట్టే ఓపిక కూడా అయిపోయిందన్నమాట.

మే 6న బర్న్‌లీతో ఆయన చివరి హోమ్ మ్యాచ్. వెంగర్‌కి ఫ్రెంచ్‌లో థాంక్స్ చెప్పే ఎర్ర టీషర్టు ప్రతి సీటు మీదా పెట్టారు. అదే పక్క సీటాయన కోటు మీదే ఆ టీషర్టు వేసుకుని కూర్చున్నాడు. 5-0 గెలిచాం. 2003-04లో ఓడని ఇన్విన్సిబుల్స్ జట్టు బంగారు ట్రోఫీ ఆయన చేతికిచ్చినప్పుడు ఈయన లేచి నిలబడి, మళ్ళీ కూర్చోలేదు. రెండు నెలల్లో ఆ మనిషికి కొత్తగా తెలిసిందేమిటి? ఏమీ లేదు. వెళ్ళిపోతున్నాడని తేలింది, అంతే.

ఓడెగార్డ్_ఎడమకాలు
మూల గారూ, మీ పక్క సీటాయనది మారడమేంటి? రెండు చోట్లా ఒకే అభిప్రాయం. "ఇక చాలు, థాంక్స్." మార్చిలో మొదటి సగం చెప్పాడు, మేలో రెండో సగం.

నార్త్‌బ్యాంక్_మూల
ఇది నాకు తట్టలేదు. కావచ్చు.

ఉనాయ్_వీరాభిమాని
ఎవరూ ఎమెరీ పేరు ఎత్తరేంటి? థ్రెడ్‌కి అసలు హీరో ఆయనే కదా. 2018లో వచ్చాడు, వరసగా 22 మ్యాచులు ఓడలేదు. అప్పుడు "వెంగర్‌ని ముందే పంపాల్సింది" అన్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన ఇంగ్లీషుని ఎగతాళి చేయడం తప్ప పని లేదు. పంపించాం. 2021లో విల్లారియల్‌తో యూరోపా సెమీస్‌లో మననే కొట్టాడు, ఫైనల్లో యునైటెడ్‌ని కొట్టి కప్పు ఎత్తాడు. 2024 ఏప్రిల్‌లో ఆస్టన్ విల్లాతో మన గ్రౌండ్‌కి వచ్చి 2-0. ఆ ఏడాది టైటిల్ పోయింది రెండు పాయింట్లతో. నవ్విన నోళ్ళు అప్పుడేమయ్యాయో.

నలభైతొమ్మిది_నాటౌట్
ఎమెరీ మంచి కోచ్ అని ఒప్పుకుంటూనే చెప్తున్నా, పంపడం సరైనదే. బాకులో యూరోపా ఫైనల్లో చెల్సీ చేతిలో 4-1. 2019 నవంబర్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చి 2-1 కొట్టి వెళ్ళింది, స్టేడియంలో సగం జనం లేరు. మర్నాడే తీసేశారు. ఇంకొకచోట బాగా చేశాడని ఇక్కడ బాగా చేసేవాడనడం ఏం లాజిక్?

ఉనాయ్_వీరాభిమాని
మరి ఆర్టెటాకి ఇచ్చిన టైమ్‌లో సగం ఇచ్చి ఉంటే?

బెంచ్_మీదే_ఉన్నా
టైమ్ సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. ఎమెరీ ఆఖరి రోజులు జనం ముందు గడిచాయి. బూయింగ్, ఖాళీ సీట్లు, కెమెరా ఓనర్ల మీదకి తిప్పడం, అన్నీ ఉన్నాయి. ఆర్టెటా ఘోరమైన రోజులు 2020 నవంబర్, డిసెంబర్. క్రిస్మస్‌కి 15వ స్థానం. అప్పుడు కోవిడ్ వల్ల గ్రౌండ్లు ఖాళీ, మహా అయితే రెండు వేల మంది. అరవడానికి మనిషే లేడు. నిండు స్టేడియంలో సొంత గ్రౌండ్‌లో బర్న్‌లీ చేతిలో 1-0 ఓడి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. ఇక్కడ మనం ఎంత తిట్టుకున్నా బోర్డు చెవికి చేరదు, గ్రౌండ్‌లో అరవై వేల మంది అరిస్తే చేరుతుంది.

డిసెంబర్ 26న చెల్సీ మీద 3-1. సాకా, స్మిత్ రో. అక్కణ్ణించి బండి మళ్ళింది.

లాంగ్‌త్రో
ఇది మంచిగ చెప్పినవన్నా. నిజం.

తవ్వకాలు
కార్నర్_జెండా పేర్లు చెప్పలేదు. నేను చెప్తా. నలభైతొమ్మిది గారి పాత పోస్టులు, తేదీల వారీగా:

2021 ఆగస్టు, సిటీ 5-0 కొట్టాక: "మూడు మ్యాచులు, సున్నా పాయింట్లు, సున్నా గోల్స్, టేబుల్లో అట్టడుగు. ఇంకా ఎందుకు ఉంచుకున్నారు?"
2023 జనవరి, యునైటెడ్ మీద 3-2: "పదేళ్ళ కాంట్రాక్టు రాయించి పెన్ను విరగ్గొట్టండి."
2023 ఏప్రిల్, సిటీ గ్రౌండ్ ఎతిహాద్‌లో 4-1తో ఓడాక: "పెద్ద మ్యాచ్ వస్తే చేతులెత్తేస్తాడు."
2024 మే: "89 పాయింట్లకి కూడా టైటిల్ రాకపోతే మేనేజర్‌ని ఏమంటాం?"
ఇవాళ: "కప్పులు. ఇంకేం కాదు."

సాకా_తమ్ముడు
🔥🔥🔥

ఆఫ్‌సైడ్_అప్పారావు
ఆయ్, పెన్ను విరిగిందా లేదా అండి ఇంతకీ?

నలభైతొమ్మిది_నాటౌట్
ఐదూ సరైనవే. ఏ రోజుకి ఆ రోజు. బ్రెంట్‌ఫర్డ్ 2-0, చెల్సీ 2-0, సిటీ 5-0 అయ్యాక "ఇతను ఏడాదిన్నరలో మనల్ని టేబుల్ టాప్‌లో కూర్చోబెడతాడు" అని ఎవరైనా రాసి ఉంటే ఆ పోస్టు తవ్వి చూపించు. చూపించలేవు. ఎదురుగా కనబడేదాన్ని బట్టి మాట్లాడతాను. కనబడేది మారితే మాట మారుతుంది. మారని వాళ్ళనే నేను అనుమానిస్తాను. 2021 నుంచి ఇవాళ్టి దాకా ఒక్క మ్యాచ్‌కి కూడా మనసు చలించని "ఇన్" బ్యాచ్ ఉంది చూడు, వాళ్ళు ఆట చూస్తున్నారా అసలు?

తవ్వకాలు
తవ్వాను. దొరకలేదు. ఆ రాత్రి థ్రెడ్‌లో ఒకే ఒక్కడు "ఓపిక పట్టండి" అన్నాడు. తర్వాత పోస్టులోనే "వెటకారం అర్థం కాలేదా" అన్నాడు.

కార్నర్_జెండా
మారడం తప్పని నేననలేదు. రెండు వారాలకోసారి మారితే అది అభిప్రాయమా, జ్వరమా అని అడుగుతున్నా.

పాయింట్ల_పద్దు
కొలత అడిగారు కాబట్టి లెక్కలు పెడుతున్నా. 2019-20 నుంచి మన లీగ్ పాయింట్లు వరసగా 56, 61, 69, 84, 89, 74. మొదటి 56లో సగం సీజన్ ఆర్టెటాది కాదు, అది వేరే విషయం. స్థానాలు ఎనిమిది, ఎనిమిది, ఐదు, ఆపైన మూడుసార్లు రెండు. ఈ గీత చూపించి ఒకరు ఎలా ఎక్కాడో చూడమంటారు, ఇంకొకరు ఆఖర్లో ఎలా జారాడో చూడమంటారు.

నాకు కనబడేది ఇంకొకటి. మొన్నటి సీజన్లో మనం ఓడింది నాలుగే మ్యాచులు. చాంపియన్ లివర్‌పూల్ ఓడింది కూడా నాలుగే. తేడా అంతా డ్రాలలో ఉంది. వాళ్ళవి 9, మనవి 14. ఆ తేడా అయిదు మ్యాచులే, కానీ పది పాయింట్లు అక్కడే పోయాయి. ఇక ఆ అయిదూ ఎందుకు గెలవలేదు అంటే ఎవరి జవాబు వాళ్ళది. రెడ్ కార్డులంటారు, గాయాలంటారు, స్ట్రైకర్ అంటారు, భయమంటారు.

ఓడెగార్డ్_ఎడమకాలు
భయమే. ఒక గోల్ కొట్టాక వెనక్కి వచ్చి కూర్చోవడం చూడలేక చచ్చిపోతున్నా. ఎతిహాద్‌లో ట్రొసార్ రెడ్ కార్డు తర్వాత సెకండ్ హాఫ్ అంతా మన పెనాల్టీ బాక్సులోనే కాపురం. అక్కడ తప్పలేదు, పదిమందే ఉన్నారు. 98వ నిమిషంలో స్టోన్స్ సమం చేశాడు, సరే. పదకొండు మందితో ఉన్నప్పుడూ అలాగే ఆడతామెందుకు?

నలభైతొమ్మిది_నాటౌట్
అదీ మాట అక్కా. పైగా ఆర్టెటా ప్రెస్ ముందు అంటాడు, గత రెండేళ్ళ మన పాయింట్లతో అయితే రెండు లీగ్‌లు గెలిచేవాళ్ళం అని. లివర్‌పూల్‌కి వచ్చినవి 84. 2022-23లో మనకి వచ్చినవీ 84. సమానం. ఎక్కువెక్కడ?

పాయింట్ల_పద్దు
ఆయన అన్న రోజుకి వాళ్ళవి 82. అయినా మీతో ఏకీభవిస్తా, ఇంకో కారణానికి. నాలుగు మ్యాచులు మిగిలుండగానే వాళ్ళకి టైటిల్ ఖాయం. ఆ నాలుగింటిలో వచ్చినవి రెండే పాయింట్లు. అవసరమైతే ఇంకెన్ని తెచ్చుకునేవాళ్ళో ఎవరికి తెలుసు. వేరే ఏడాది పాయింట్లు తెచ్చి ఈ ఏడాది టేబుల్లో పెట్టడం కుదరదు.

లాంగ్‌త్రో
ఆ మాట జట్టు కోసం అన్నడన్నా. మర్నాడు పారిస్ల సెమీస్ పెట్టుకొని "మేం వీక్" అంటడా ఏ మేనేజరన్న?

ఓడెగార్డ్_ఎడమకాలు
పారిస్ మ్యాచ్ గురించి ఒకటి చెప్పాలి. మొదటి పది నిమిషాలు మళ్ళీ చూడండి. రైస్ హెడర్ పక్కకి వెళ్ళింది. మార్టినెల్లి దగ్గర్నుంచి కొట్టింది వాళ్ళ గోల్‌కీపర్ డొన్నరుమ్మ ఆపాడు. ఓడెగార్డ్ బయట నుంచి కొట్టింది, మూలకి వెళ్తున్న బంతిని అంత పొడుగు మనిషి నేలబారుగా పడి వేళ్ళతో బయటికి తోశాడు. ఆ ఒక్కటి లోపలికి వెళ్తే రెండు లెగ్‌లూ కలిపి 1-1. తర్వాత ఫాబియన్ రూయిజ్ కొట్టాడు, హకీమి కొట్టాడు, సాకా ఒకటి వెనక్కిచ్చాడు, కాసేపటికే ఖాళీ గోల్ ముందు నుంచి పైకి కొట్టాడు.

అవన్నీ అలాగే ఉంచి ఆ మొదటి సేవ్ ఒక్కటి తీసెయ్యండి. ఇవాళ ఈ థ్రెడ్ ఉండేదా? ఉండదు. ఆర్టెటా ఆ రాత్రి వేసిన ప్లాన్ మాత్రం అదే. మనం మార్కులు వేసింది డొన్నరుమ్మ చేతికి.

ఉనాయ్_వీరాభిమాని
అలా అయితే మాడ్రిడ్ మీద రైస్ కొట్టిన రెండు ఫ్రీ కిక్కులు కూడా తీసెయ్యాలి అక్కా. అంతకుముందు ఆయన కెరీర్‌లో డైరెక్ట్ ఫ్రీ కిక్ గోల్ ఒక్కటి కూడా లేదు. ఆ మార్కులు మాత్రం ఆర్టెటాకి ఎందుకు?

ఓడెగార్డ్_ఎడమకాలు
😐 సరే, ఇది తగిలింది.

ఆఫ్‌సైడ్_అప్పారావు
రెండూ తీసేసి మ్యాచ్ మళ్ళీ ఆడిద్దామండి. టికెట్లు నేను చూస్తా.

బంతి_మీద_పుంజు
శత్రు శిబిరం నుంచి వచ్చాను, కొట్టకండి. మీ బాధలు చదువుతుంటే నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు. మా టోటెన్‌హామ్ (స్పర్స్) సంగతి చూడండి. 2023లో మేనేజర్‌గా ఆంజీ వచ్చాడు, మొదటి పది లీగ్ మ్యాచుల్లో ఓటమి లేదు, ఎనిమిది గెలుపులు. ఆయన పేరు మీద పాటలు. నిరుడు సెప్టెంబర్‌లో మీ చేతిలో 1-0 ఓడాక, నేనెప్పుడూ రెండో ఏడాదే కప్పు గెలుస్తానన్నాడు. అందరం పగలబడి నవ్వాం, నేను కూడా. లీగ్‌లో 22 ఓటములు, 17వ స్థానం. మే 21న బిల్బావోలో యునైటెడ్ మీద 1-0. పదిహేడేళ్ళ తర్వాత ట్రోఫీ. ఊరేగింపు చేశాం. జూన్ 6న తీసేశారు.

ఇప్పుడు మా వాళ్ళలో సగం మంది "చరిత్ర సృష్టించినవాణ్ణి తీసేస్తారా" అంటున్నారు. ఏప్రిల్‌లో తీసెయ్యమని అడిగింది కూడా ఈ సగమే. నన్నడిగితే తీసెయ్యడమే మంచిది, కానీ ఆ కప్పు ఎత్తుతున్న ఫొటో ఇంకా నా ఫోన్ వాల్‌పేపరే.

సాకా_తమ్ముడు
17వ స్థానం ప్లస్ ఒక కప్పు, రెండో స్థానం ప్లస్ సున్నా కప్పులు. ఏది కావాలి? నిజం చెప్పండి అందరూ.

నలభైతొమ్మిది_నాటౌట్
తమ్ముడూ, ఇది వలలా ఉంది.

సాకా_తమ్ముడు
కప్పులు, ఇంకేం కాదు అన్నారు కదా అన్నా 😇

నలభైతొమ్మిది_నాటౌట్
17 అయితే వద్దు.

తవ్వకాలు
ఇది దాచుకుంటున్నా. ఆరోది.

ఎర్రదెయ్యం
మా యునైటెడ్ వాళ్ళం దీనికి పేటెంట్ తీసుకున్నాం. టెన్ హాగ్‌ని 2024 మేలో పంపెయ్యాలన్నారు, లీగ్‌లో ఎనిమిదో స్థానం. ఎఫ్ఏ కప్ ఫైనల్లో సిటీని 2-1 కొట్టాడు. కాంట్రాక్టు పొడిగించారు. అక్టోబర్‌లో తీసేశారు. అభిమానుల్ని అంటారు గానీ మా బోర్డు కూడా మాలాగే ఒక్క మ్యాచ్ చూసి మనసు మార్చుకుంది. తేడా ఏంటంటే మేం మార్చుకుంటే ఖర్చు లేదు.

హైబరీ_బాబాయ్
ఫెర్గూసన్ కథ చెప్పకుండా ఒక యునైటెడ్ అభిమాని పోస్టు ముగించడం మొదటిసారి చూస్తున్నాను.

ఎర్రదెయ్యం
చెప్తే తిడతారని ఆపుకున్నా బాబాయ్. 1986లో వచ్చాడు, 1990 దాకా ఏం లేదు, గ్యాలరీలో బ్యానర్ పట్టుకుని పొమ్మన్నారు, అదే సీజన్‌లో ఎఫ్ఏ కప్పు, 1993లో లీగ్. ఇప్పుడు హాయిగా ఉంది.

బెంచ్_మీదే_ఉన్నా
ఆ కథ నాకస్సలు నచ్చదు. ఓపిక పట్టినందుకు ఫెర్గూసన్ దొరికాడంటారు. ఓపిక పట్టినా ఏమీ దొరకని క్లబ్బుల కథలు ఎవరూ చెప్పుకోరు కాబట్టి మనకి ఇది ఒక్కటే వినబడుతుంది. మరోపక్క లెస్టర్. 2016లో రనియేరి లీగ్ తెచ్చాడు, తొమ్మిది నెలల్లో తీసేశారు, అప్పటికి రిలిగేషన్ అంచున ఉన్నారు. తీసేశాక కిందకి పడకుండా బయటపడ్డారు. మనసుకి కష్టంగా ఉంటుంది గానీ ఆ నిర్ణయం పని చేసింది.

హైబరీ_బాబాయ్
రనియేరి సంగతి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. పని చేసినా సరే.

ఓడెగార్డ్_ఎడమకాలు
నాకు అర్థమైనంతవరకు మన కొలతని మార్చేది మేనేజరే. 2021లో "టాప్ ఫోర్ చాలు దేవుడా" అన్నాం. 2022 మేలో స్పర్స్ చేతిలో 3-0, న్యూకాజిల్ చేతిలో 2-0 ఓడి నాలుగో స్థానం చేజార్చుకుంటే గుండెలు బాదుకున్నాం. మరుసటి ఏడాది రెండో స్థానం వస్తే లేచి చప్పట్లు. ఇప్పుడు అదే రెండో స్థానానికి బూతులు. రెండో స్థానం మారలేదు. అతను మెట్టు ఎక్కించిన కొద్దీ మనం ఇంకో మెట్టు పైనుంచి చూస్తున్నాం. ఇది అన్యాయమని కూడా నేననను. జీతం పెరిగింది, జట్టు ఖరీదు పెరిగింది, అంచనా పెరగదా? కాకపోతే 2021లో అట్టడుగున ఉన్నప్పటి కంటే ఎక్కువ కోపంతో 2025లో తిడుతున్నాం, అది మాత్రం నాకు వింతగా ఉంది.

ఆటగాళ్ళకీ ఇదే కదా. 2019లో ప్యాలెస్ మ్యాచ్‌లో కెప్టెన్ జాకాని సొంత జనమే బూ చేస్తే చొక్కా విప్పేసి లోపలికి వెళ్ళిపోయాడు. కెప్టెన్సీ పోయింది. 2023 మేలో వుల్వ్స్ మీద రెండు గోల్స్ కొట్టి వెళ్ళిపోతుంటే అదే స్టేడియం ఉండిపొమ్మని పాడింది. అతన్ని అమ్మకుండా ఆపి, కాస్త ముందుకు జరిపి ఆడించింది ఆర్టెటా. మేనేజర్ మీద జనం మనసు మారడం వేరు, ఆ జనం మనసునే మార్చడం వేరు. ఇందుకే నేను ఇన్. భయంతో ఆడిస్తాడని తిడుతూనే ఇన్.

లాంగ్‌త్రో
అక్క పోస్టు పిన్ చేయుండ్రి.

నలభైతొమ్మిది_నాటౌట్
బాగా రాశావక్కా. కానీ రామ్స్‌డేల్‌ని మర్చిపోయావ్. కొన్నప్పుడు మనం తిట్టాం, రెండుసార్లు రిలిగేట్ అయిన గోల్‌కీపర్ ఎందుకని. తర్వాత ప్రేమించాం. ప్రేమించాక ఆర్టెటా తీసి బెంచ్ మీద కూర్చోబెట్టి రాయాని తెచ్చాడు. అప్పుడు మళ్ళీ తిట్టాం.

ఓడెగార్డ్_ఎడమకాలు
తిట్టాం. ఎక్కువ మ్యాచుల్లో గోల్ ఇవ్వని కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లవ్‌ని రాయా వరసగా రెండేళ్ళు తీసుకున్నాడు. దీంట్లో ఆర్టెటాదే గెలుపు కదా, నీ ఉదాహరణ నాకే పనికొచ్చింది.

నలభైతొమ్మిది_నాటౌట్
అదే బాధ.

బెంచ్_మీదే_ఉన్నా
కార్నర్ల సంగతి కూడా రాయండి ఎవరైనా. సెట్ పీస్ కోచ్ జొవేర్ బొమ్మని స్టేడియం దగ్గర గోడ మీద వేశారు, డిసెంబర్‌లో. సెట్ పీస్ కోచ్‌కి! మార్చి వచ్చేసరికి అదే జనం "కార్నర్లు తప్ప మనకి ఆట రాదా" అని. కార్నర్ నుంచి వచ్చిన గోల్‌కి టేబుల్లో ఏమైనా తక్కువ వేస్తారా?

కార్నర్_జెండా
నా పేరు పెట్టుకుని నేను దీని మీద మాట్లాడకూడదు గానీ, గాబ్రియేల్ ఫార్ పోస్ట్ దగ్గరికి పరిగెడుతుంటే వచ్చే ఆనందం ఏ టికీ-టాకాలోనూ రాదు.

హైబరీ_బాబాయ్
వెంగర్ ఆట చూసినవాడికి రాదు ఆ ఆనందం. గెలుస్తాం, సంతోషమే, మళ్ళీ చూడాలనిపించదు.

సాకా_తమ్ముడు
బాబాయ్, నేను 2022లో చూడటం మొదలెట్టా. వెంగర్ ఆట హైలైట్స్‌లోనే చూశా. హైలైట్స్‌లో అన్నీ గోల్సే ఉంటాయి, 8-2 ఉండదు. మీరు పోల్చేది వెంగర్‌తో, నలభైతొమ్మిది అన్న పోల్చేది సిటీతో, నేను పోల్చేది నేను చూసిన మొదటి సీజన్‌తో. ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నామా మనం?

పాయింట్ల_పద్దు
ఈ థ్రెడ్‌లో నాకు నచ్చిన పోస్టు ఇదే.

ఉనాయ్_వీరాభిమాని
ఇంకో సంగతి. ఫ్యాన్ ఛానళ్ళ వాటా కూడా ఉంది. గెలిచిన రోజు వీడియోకి, ఓడిన రోజు వీడియోకి వ్యూస్ చూడండి. ఓడిన రాత్రి అరిచినవాడికే జనం వస్తారు. "పర్లేదు, వచ్చే వారం చూద్దాం" అన్నవాడి వీడియో ఎవరు చూస్తారు? ఆ అరుపులే మర్నాడు మన నోట్లోంచి వస్తాయి.

నలభైతొమ్మిది_నాటౌట్
నా అరుపులు నా సొంతం. రాసిచ్చేవాళ్ళెవరూ లేరు.

తవ్వకాలు
ఏడోది.

కార్నర్_జెండా
నాకు జవాబు సగం దొరికింది. అయితే అవుట్ బ్యాచ్‌కి ఒక ప్రశ్న. పంపాక ఎవరు? పేరు చెప్పండి. "ఎవరైనా" అనొద్దు.

నలభైతొమ్మిది_నాటౌట్
నేను ఇవాళే పంపమనలేదు. స్ట్రైకర్‌ని కొనిచ్చి ఒక సీజన్ ఇద్దాం. అప్పటికీ చేతులు ఖాళీ అయితే పేరు నేనే చెప్తా.

ఓడెగార్డ్_ఎడమకాలు
అంటే నువ్వు ఇన్.

నలభైతొమ్మిది_నాటౌట్
అవుట్, వచ్చే మే నుంచి అమలు.

ఆఫ్‌సైడ్_అప్పారావు
ముందస్తు బెయిల్ లాగా ముందస్తు అవుట్ అన్నమాట.

లాంగ్‌త్రో
గ్యోకెరెష్ వస్తడా, షెష్కో వస్తడా? బెర్టా ఇద్దరి ఏజెంట్లతోని మాట్లాడుతున్నడంట.

పాయింట్ల_పద్దు
షెష్కో. వయసు చిన్నది, ఎత్తు ఉంది.

నలభైతొమ్మిది_నాటౌట్
గ్యోకెరెష్. గోల్స్ కావాలి, వయసు కాదు.

హైబరీ_బాబాయ్
దీనికి వేరే థ్రెడ్ ఉంది కదర్రా. అక్కడికి నడవండి.

లాంగ్‌త్రో
ఆ థ్రెడ్ల ఆర్టెటా గురించి కొట్లాడుతున్నరు బాబాయ్, అందుకే ఇటొచ్చిన.